ముగ్గురికి అయిదొందల్లో: బెజవాడలో కూర్చుని తినే చిన్న చైనీస్ హోటల్ చెప్పండి

పటమట_కుర్రాడు
వచ్చే ఆదివారం అమ్మానాన్నా తెనాలి నుంచి వస్తున్నారు. నాన్నకి ఎప్పటి నుంచో నూడుల్స్ తినాలని ఉంది. మోకాళ్ళ నొప్పులు, బండి దగ్గర నిలబడి తినలేరు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. అందుకని కుర్చీలు ఉండాలి, వెజ్‌కి వేరే కడాయి ఉండాలి, ముగ్గురికీ అయిదొందలు దాటకూడదు. ఏసీ అక్కర్లేదు.

పోయిన నెల బస్టాండు దగ్గర ఒకదానికి వెళ్ళాను. రుచి బాగానే ఉంది. చేతులు కడుక్కుందామని వెనక్కి వెళ్తే ప్లాస్టిక్ పట్టా మీద అన్నం ఆరబోసి ఫ్యాను పెట్టారు. పొద్దుటిదో ముందురోజుదో తెలియదు. మూడు గంటల్లో వాంతులు. అప్పటి నుంచి కొత్త చోటికి వెళ్ళాలంటే టెన్షన్‌గా ఉంది.

బ్రాడీపేట_4వ_లైన్
తెనాలి వాళ్ళని బెజవాడ దాకా ఎందుకు తిప్పుతావు తమ్ముడూ, గుంటూరు దగ్గర కదా. సాయంత్రం ఆరు దాటాక మా బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో ఏ అడ్డరోడ్డు మీద నిలబడినా వెల్లుల్లి వేగే వాసన వస్తుంది. నేను డిగ్రీ మూడేళ్ళూ హాఫ్ ప్లేట్ నూడుల్స్‌తోనే రాత్రి భోజనం గడిపాను. ఒక్కరోజు కూడా కడుపు నొప్పి రాలేదు.

కృష్ణలంక_బాబాయ్
అతను అడిగింది బెజవాడ గురించండీ. గుంటూరు గొప్పలు వేరే చోట చెప్పుకోండి.

ఇక అన్నం సంగతి. ఫ్రైడ్ రైస్‌కి వేడన్నం పనికిరాదు, ముద్దవుతుంది. చల్లారిన అన్నమే కావాలి. అది చూసి భయపడితే ఎట్లా? మా అమ్మ రోజూ రాత్రి మిగిలిన అన్నంతో చద్దన్నం పెట్టేది. అది తిని నలుగురం అన్నదమ్ములం పొలం పనులు చేశాం. ఇప్పటి పిల్లలకి నిన్నటి అన్నం అంటే విషం అయిపోయింది.

ల్యాబ్_మాస్టారు
బాబాయ్ గారూ, ఇలాంటి మాటల వల్లే జనం ఆసుపత్రి పాలవుతున్నారు. నేను 26 ఏళ్ళు మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఊహించి రాయడం లేదు.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. వండిన అన్నాన్ని బయట గంటల తరబడి వదిలేస్తే ఆ బీజాలు మొలిచి, పెరిగి, విషపదార్థం తయారు చేస్తాయి. తర్వాత ఎంత పెద్ద మంట మీద వేయించినా ఆ విషం పోదు. తిన్న ఆరు గంటల లోపే వాంతులు మొదలవుతాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి ఫ్రైడ్ రైస్ పేరే పెట్టారు. కుర్రాడికి మూడు గంటల్లో వాంతులయ్యాయంటే నేను ముందు అనుమానించేది దీన్నే.

చల్లారిన అన్నం తప్పు కాదు. త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా ఉండే వేడిలో ఎక్కువసేపు ఉంచకూడదు. మన మే నెల ఎండలో వంటగది ఎంత వేడిగా ఉంటుందో మీకే తెలుసు.

కృష్ణలంక_బాబాయ్
అయితే మా అమ్మ పెట్టింది విషమా? మాట జాగ్రత్త. ల్యాబులో కూర్చున్నవాళ్ళకి మా ఇళ్ళ తిండి గురించి ఏం తెలుసు?

ల్యాబ్_మాస్టారు
మీ అమ్మగారిని నేను ఒక్క మాట అనలేదు. రెండూ ఒకటి కాదు అంటున్నాను. చద్దన్నం నీళ్ళలోనో మజ్జిగలోనో మునిగి ఉంటుంది, తెల్లారేసరికి పులుస్తుంది. ఆ పులుపు లాక్టిక్ ఆమ్లం. చెడ్డ బాక్టీరియాని అది చాలావరకు ఎదగనివ్వదు. పట్టా మీద పొడిగా ఆరబోసిన అన్నానికి ఆ రక్షణ ఎక్కడుంది? మీ అమ్మగారికి ఆ పద్ధతి తెలుసు. ఆ హోటలువాడికి తెలియదు.

కానూరు_పద్మ
ఇద్దరూ కాస్త ఆగండి. మా పాప పుట్టినరోజుకి ఎనిమిదిమంది పిల్లల్ని తీసుకెళ్ళాను. గోబీ మంచూరియా ఎర్రగా వచ్చింది. తిన్నాక పిల్లల వేళ్ళు, పెదాలు, తెల్ల గౌనూ అన్నీ ఎరుపే. రెండు ఉతుకులకి కూడా పోలేదు. బట్ట మీద అలా పట్టిన రంగు పిల్లల కడుపులో ఏం చేస్తుందో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కర్ణాటకలో 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు నిషేధించారు. మన దగ్గర ఎవరు చూస్తున్నారు?

మిర్చియార్డు_గుంటూరు
పద్మగారూ, మీ బాధ న్యాయం. ఎరుపు కోసం రంగు పొడి ఎందుకు వేస్తారో నాకు ఎప్పటికీ అర్థం కాదు. నేను పుట్టిందీ పెరిగిందీ మిరపకాయల మధ్యే. కారం కావాలంటే తేజ. కారం తక్కువ, రంగు ఎక్కువ కావాలంటే బ్యాడిగి. బ్యాడిగి కాయల తొడిమలు, గింజలు తీసి, వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, వెల్లుల్లి వేసి మెత్తగా రుబ్బితే చాలు. మా ఇంట్లో షెజ్వాన్ చట్నీ అదే. వేలికి అంటుకున్నా సబ్బుతో పోతుంది.

ఇంకో మాట. మెనూలో షెజ్వాన్ అని రాస్తారే, అది సిచువాన్ అనే చైనా రాష్ట్రం పేరు. అక్కడి వంటలో నాలుక తిమ్మిరెక్కించే మిరియం లాంటిదొకటి వేస్తారు, అది మన మిరపా కాదు, మిరియమూ కాదు. మన షాపుల్లో అది ఉండదు. మనం తినేది పేరుకే సిచువాన్, కారం మాత్రం గుంటూరుది. ఆ సంగతి గర్వంగానే చెబుతాను.

టాంగ్రా_రిటర్న్
ఉద్యోగం పేరుతో ఏడేళ్ళు కోల్‌కతాలో ఉన్నాను. అక్కడి టాంగ్రాలో హక్కా చైనీయులు తోళ్ళ పరిశ్రమలు నడిపేవాళ్ళు, ఆ వీధుల్లోనే హోటళ్ళు పెట్టారు. మన హక్కా నూడుల్స్ పేరులో హక్కా వాళ్ళదే. చికెన్ మంచూరియా అయితే చైనాలో పుట్టిందే కాదు. కోల్‌కతాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటవాడు 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో చేశాడు. మనలాగే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చితో మొదలుపెట్టి, గరం మసాలా బదులు సోయాసాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచాడు. కాబట్టి ఇది నిజమైన చైనీస్ కాదని మన చిన్న హోటళ్ళని తక్కువ చేసేవాళ్ళంటే నాకు కోపం. ఇది మన దేశపు వంట.

బ్రాడీపేట_4వ_లైన్
ఇంతకీ మా గుంటూరు మిర్చే గొప్పదని తేలింది కదా.

చైనీస్_మాస్టర్_11ఏళ్ళు
పైన ఒకాయన హోటలువాడికి తెలియదు అని రాశారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను ఏలూరు రోడ్డు వైపు చిన్న షాపులో మాస్టర్‌ని. పదకొండేళ్ళుగా ఇదే పని, నేర్పింది డార్జిలింగ్ నుంచి వచ్చిన మా గురువు.

సాయంత్రం నాలుగున్నరకి పాత సోనా బియ్యం పలుకుగా వండి, గంజి వార్చి, స్టీలు ట్రేలలో పల్చగా పరుస్తాను, పైన కొంచెం నూనె. ఆరున్నరకి మొదటి ప్లేటు. ఆ రాత్రి అమ్మకానికి సరిపడానే వండుతాను. మిగిలితే పారేస్తాను, మర్నాటికి దాచను. వారంలో రెండుసార్లయినా తొమ్మిదిన్నరకే రైస్ అయిపోయింది అని చెప్పి కస్టమర్లతో తిట్లు తింటాను. ఎనిమిదింటికి రైస్ లేదన్నవాడిని కాదు, రాత్రి పదకొండింటికి కూడా ఎంత కావాలంటే అంత రైస్ ఇచ్చేవాడిని అనుమానించండి.

ల్యాబ్_మాస్టారు
మాస్టర్ గారూ, మీలాంటివాళ్ళని అనలేదు. ఏ రోజుకారోజు వండి, మర్నాటికి దాచకపోవడం సరైన పద్ధతి. ట్రేలలో అన్నం చల్లారగానే ఫ్రిజ్‌లో కూడా పెట్టండి. నా మాట నొప్పించి ఉంటే మన్నించండి.

సింగ్‌నగర్_రమణ
మాస్టర్ గారి మాటలు చదివితే మా వీధి చివర నూడుల్స్ షాపాయన గుర్తొచ్చాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు ఫ్రిజ్, పెద్ద బర్నరు, అయిదు బల్లలు అన్నీ మునిగిపోయాయి. నీళ్ళు తీశాక ఆయన బురదలో నుంచి ఇనప కడాయి తీసి, ఇటుక ముక్కతో తుప్పు రుద్దుతూ కూర్చున్నాడు. నూనె రాసి కాల్చడం, మళ్ళీ రుద్దడం, మళ్ళీ కాల్చడం. రెండు రోజులు అదే పని. కొత్తది కొనుక్కోవచ్చు కదన్నా అంటే, దీనికి తొమ్మిదేళ్ళ నలుపు పట్టింది, కొత్తదానికి అన్నం అంటుకుంటుంది అన్నాడు. దసరాకి తెరిచాడు. నలుగురం స్నేహితులం ఆ రోజు అక్కడే తిన్నాం.

నైట్‌షిఫ్ట్_ఆటోనగర్
అజినమోటో గురించి ఎవరూ మాట్లాడరేంటి? అది తింటే నాకు తలనొప్పి.

ల్యాబ్_మాస్టారు
అజినమోటోలో ఉండే గ్లుటమేటుని 1908లో జపాన్‌లో ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు పులుసు నుంచి తీశాడు. ఆ గ్లుటమేటు టమాటాలో కూడా ఉంది. మీకు పడకపోతే వెయ్యొద్దని చెప్పండి, అంతే. నన్నడిగితే పాత అన్నం దానికంటే ఎక్కువ ప్రమాదం.

కృష్ణలంక_బాబాయ్
చద్దన్నం గురించి మీరు చెప్పింది మా ఇంట్లో చదివి వినిపించాను. మజ్జిగ పోసేది అందుకేనా అని మా ఆవిడ అంది. సరే, ఆ సంగతి ఒప్పుకుంటున్నా.

పటమట_కుర్రాడు
అందరికీ థ్యాంక్స్. కానీ వెజ్‌కి వేరే కడాయి ఎక్కడుంటుందో ఒక్కరూ చెప్పలేదు. అమ్మ నలభై ఏళ్ళ నియమం అది. నా మాట నమ్మి తింటుంది కాబట్టి నేను అబద్ధం చెప్పలేను.

చైనీస్_మాస్టర్_11ఏళ్ళు
బాబూ, ఉన్నదున్నట్టు చెబుతాను. మాలాంటి షాపుల్లో బర్నరు ఒకటే, కడాయి ఒకటే. ప్లేటుకీ ప్లేటుకీ మధ్య గరిటెడు నీళ్ళు పోసి, వెదురు పుల్లల బ్రష్షుతో తిప్పి, ఒంపేస్తాం. కంటికి శుభ్రమే. కానీ గరిటె అదే, నూనె గిన్నె అదే. ఎగ్ రైస్ వేసిన గరిటే అందులో ముంచుతాం. అమ్మగారిని మా దగ్గరికి తీసుకురావద్దు. శుద్ధ శాకాహార టిఫిన్ హోటళ్ళు కొన్ని సాయంత్రం పూట చైనీస్ కౌంటర్ పెడతాయి. గవర్నర్‌పేట వైపు చూడండి. లోపల గుడ్డే ఉండదు కాబట్టి కడాయి గొడవ లేదు. వెజ్ నూడుల్స్, మష్రూమ్ మంచూరియా, స్వీట్ కార్న్ సూప్ చెప్పండి. సూప్ ఒకటి చెప్పి వన్ బై టూ అడిగితే రెండు గిన్నెల్లో ఇస్తారు.

పటమట_కుర్రాడు
నిన్న వెళ్ళొచ్చాం. మాస్టర్ గారు చెప్పినట్టే గవర్నర్‌పేటలో వెజ్ హోటల్. బిల్లు 430. అమ్మ ముందు లోపలికి తొంగి చూసి, ఫ్రిజ్‌లో గుడ్ల అర లేదని చూసుకుని వచ్చి కూర్చుంది. నాన్న ఫోర్కు పక్కన పెట్టి నూడుల్స్ చేత్తో తిన్నారు, సేమ్యా ఉప్మాలో సాస్ పోసినట్టుంది కానీ బాగుంది అన్నారు. అమ్మ ప్లేట్‌లో ఉల్లికాడ ముక్క కూడా మిగల్లేదు.

కానూరు_పద్మ
మంచూరియా రంగు ఎలా ఉంది?

పటమట_కుర్రాడు
గోధుమ రంగేనండీ. అమ్మ చీర మీద ఒక చుక్క పడింది, నీళ్ళతో పోయింది.