శుక్లాల ఆపరేషన్‌కి ముందు కన్ను కొలత ఒక్కసారి చాలా?

రాజోలు అబ్బాయి:
వచ్చే వారం అమ్మకి కుడికన్ను శుక్లం ఆపరేషనండి. కొలతలో ఆ కన్ను పొడవు 22.4 మిల్లీమీటర్లు, ఎడమది 23.3 వచ్చింది. మళ్ళీ తీయమని అడగొచ్చా? డాక్టరుగారు ఏవనుకుంటారోనని భయంగా ఉంది.

కొబ్బరితోట:
అడగాలండి. రెండు కళ్ళకీ 0.3 దాటి తేడా వస్తే మళ్ళీ చూడాల్సిందే. ఆ కొలత బట్టే కంట్లో పెట్టే లెన్స్ పవర్ లెక్కేస్తారు, 1 మిల్లీమీటరు తప్పితే పవర్ దగ్గర దగ్గర 2.5 తేడా వచ్చేస్తుంది. పెన్నులాంటి ప్రోబు నల్లగుడ్డుకి ఆనించి తీశారా? కాస్త నొక్కినా కన్ను పొట్టిగా చూపిస్తుంది, దాంతో ఎక్కువ పవర్ లెన్స్ పెట్టేస్తారు, తీరా ఆపరేషనయ్యాక దూరం మసకే. మా నాన్నకి అదే జరిగింది, మైనస్ 2.5. ముట్టుకోకుండా కాంతితో తీసే మెషిన్ ఉన్నచోటకే వెళ్ళండి.

చెరువుగట్టు భీమవరం:
అన్నిటికీ మెషినంటావేంటన్నయ్యా. శుక్లం బాగా ముదిరితే ఆ కాంతి లోపలికే పోదు, అప్పుడు ప్రోబే దిక్కు. నీళ్ళ కప్పు పెట్టి నొక్కకుండా తీసే పద్ధతీ ఉంది. తీసేవాడి చెయ్యి ముఖ్యం.

కొబ్బరితోట:
మా నాన్నకి ముదర్లేదు. మెషిన్ గురించి చెప్పు.

నర్సాపురం కోడలు:
కళ్ళు పొడిబారినా నల్లగుడ్డు వంపు కొలత రోజుకోలా వస్తుందండి. మా అత్తయ్యగారికి కొన్నాళ్ళు చుక్కలు వేశాకే మళ్ళీ తీశారు.

చెరువుగట్టు భీమవరం:
నాకు చెరువుల మీద ఎండలో తిరిగి నల్లగుడ్డు మీదకి కండ పెరిగింది, అది తీసేసి మానాక కొలిచారు. దానికి ఏ మెషినైనా ఏం చేస్తుంది?

కొబ్బరితోట:
నేనడిగింది ఒకటి, నువ్వు చెప్పేది ఒకటి.

చెరువుగట్టు భీమవరం:
పట్నంలో కూర్చుని ఎన్నైనా చెప్తావ్! లంకలో ఉన్న మా పిన్నిని రేవు దాటించి, రెండోసారి కూలి పోగొట్టుకుని ఎవరు తీసుకెళ్తారు? ఇలాంటి మాటలు విని బెదిరిపోయే మూడేళ్ళు గోడ పట్టుకుని నడిచింది ఆవిడ.

కొబ్బరితోట:
ఉచిత కంటి క్యాంపుకి వెళ్ళొద్దన్నానా? నాన్నకి చేసిందీ అక్కడే. ప్రోబు పెట్టినప్పుడు కన్ను కదిలింది, ఇంకోసారి తీయండి బాబూ అని నాన్న అడిగితే ఉచితంగా చేస్తున్నాం కదా అని విసుక్కున్నారు. డబ్బివ్వనోడు మళ్ళీ అడక్కూడదా? నా బాధ అది.

చెరువుగట్టు భీమవరం:
అడగొచ్చు. అక్కడే, ఆ కుర్చీలోనే అడగమను. ఇంకో ఊరు పొమ్మనకు.

కొబ్బరితోట:
నొక్కిన చెయ్యే మళ్ళీ నొక్కితే?

రాజోలు అబ్బాయి:
ఇప్పుడే ఫోన్ చేశానండి. సోమవారం ఇంకో టెక్నీషియన్ చేత రెండు కళ్ళూ తీయిస్తామన్నారు, తేడా ముందునుంచీ ఉందేమో చూడ్డానికి అమ్మ పాత కళ్ళజోడు చీటీ తెమ్మన్నారు. బీరువాలో వెతుకుతున్నా.