అప్‌డేట్: పూర్వ విద్యార్థులు విరాళాలు ఇవ్వడం లేదని అడిగింది నేనే

చెన్నైలో మా కళాశాల ప్రయోగశాల కోసం ఎన్ని ఉత్తరాలు పంపినా పూర్వ విద్యార్థులు పలకడం లేదని ఆరు నెలల క్రితం రాశాను. ‘ముందు డబ్బు అడగడం మానండి’ అని ఒకరు జవాబిచ్చారు. అప్పుడు ఒళ్లు మండింది కానీ, ఆయన మాటే నిజమైంది.

మాది పులిని చూసి నక్క వాత పెట్టుకున్న కథ. 2024లో పూర్వ విద్యార్థి, పారిశ్రామికవేత్త కృష్ణా చివుకుల ఐఐటీ మద్రాసుకు 228 కోట్లు ఇచ్చారనగానే మా పెద్దలకూ ఆశ పుట్టింది. ఆయన అక్కడ చదువు ముగించింది 1970లో, అంటే విరాళానికి 54 ఏళ్ల ముందు అన్న సంగతి ఎవరికీ పట్టలేదు. మేమేమో పట్టా చేతిలో పెట్టాక పదేళ్లపాటు పలకరించనైనా లేదు!

ఇప్పుడు ఉత్తరాలు ఆపి ఫోన్లు చేస్తున్నాం. నెల్లూరు, చిత్తూరు నుంచి వచ్చి చదివినవారితో నేనే తెలుగులో మాట్లాడుతున్నాను. హాస్టల్ సాంబారును తిట్టుకోవడంతోనే సగం సమయం గడిచిపోతుంది. తర్వాత, ‘మా పిల్లలకు ఒక గంట పాఠం చెబుతారా?’ అంటాను. అలా వచ్చినవారిలో కొందరు అడగకుండానే నెలకు 500 పంపుతున్నారు.

విరాళం ఇస్తే ఆదాయపు పన్ను తగ్గుతుందని 80జీ మినహాయింపు ఆశ చూపడం మానేశాం. కొత్త పన్ను విధానంలో అది వర్తించదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న ఒకాయన పెద్ద మొత్తమే ఇస్తానన్నారు. అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, అలాంటివి తీసుకోవడానికి చట్టప్రకారం కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు మాకు లేదు. ఆ దరఖాస్తు పని ఇప్పుడు నా నెత్తిన పడింది.