లాక్ పడిన వెంటనే లేచిపోతోంది: తప్పు మోటారుదా, మాడ్యూల్‌దా?

మాది 2014 మోడల్ చిన్న కారు. నెల రోజులుగా సెంట్రల్ లాకింగ్ సతాయిస్తోంది. రిమోట్ నొక్కగానే నాలుగు డోర్లూ టక్కుమని పడతాయి, సెకను తిరక్కుండా మళ్లీ లేచిపోతాయి. మొన్న రాత్రి విజయవాడ రైల్వే స్టేషన్ పార్కింగ్‌లో పది నిమిషాలు ఇదే తంతు. డ్రైవర్ డోర్‌ని తాళంచెవితో పూర్తిగా తిప్పి వేస్తే మాత్రం నిలబడుతోంది. నాకు అనుమానం వచ్చింది అక్కడే.

రిమోట్‌లో సెల్ మార్చాను, తేడా లేదు. ఫ్యూజు బాగానే ఉంది. నిన్న డ్రైవర్ డోర్ ప్యాడ్ ఊడదీశాను (రెండు క్లిప్పులు విరిగాయి, అది వేరే బాధ). మోటారుకి ఐదు వైర్లు వస్తున్నాయి: రెండు లావువి మోటారుని తిప్పడానికి, మూడు సన్నవి దాని లోపలి స్విచ్‌కి. లావు వైర్ల మీద మల్టీమీటర్ పెడితే లాక్‌కి 12 వోల్టులు ఒక్క క్షణం వచ్చి, వెంటనే తిరగబడి వస్తోంది. అంటే అన్‌లాక్ చెయ్యమని మాడ్యూలే (నాలుగు డోర్ల లాకుల్నీ నడిపే కంట్రోల్ పెట్టె) చెబుతోందన్నమాట. మోటారు బలం తగ్గి రాడ్ చివరిదాకా వెళ్లక, లోపలి స్విచ్ ‘తెరిచే ఉంది’ అని చెబుతోందా?

డోర్‌కీ పిల్లర్‌కీ మధ్య రబ్బరు గొట్టం కూడా వెనక్కి లాగి చూశా. ఒక సన్న వైరు తొడుగు పగిలింది, రాగి తెగలేదు.

మెకానిక్ మాడ్యూల్ మొత్తం మార్చాలంటున్నాడు. ముందు డ్రైవర్ డోర్ మోటారు ఒక్కటే మార్చి చూడొచ్చా? స్విచ్ వైర్లు మూడూ విడిగా పరీక్షించడం ఎలాగో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.