డైపర్ లీకయ్యేది పీల్చే శక్తి చాలకనా, ఒంటికి అమరకనా?

పక్కమంచం:
మూడేళ్లుగా నాన్నగారికి రాత్రిపూట డైపర్ వేస్తున్నాను. ఆయన నడవలేరు, మాట మాత్రం స్పష్టం. రెండు మూడు రోజులకోసారి తెల్లవారుజామున పక్కంతా తడిసిపోయేది. ఎవరిని అడిగినా ఒకటే మాట, ఇంకా ఎక్కువ పీల్చేది వాడమని. వాడాను. అదీ లీకైంది.

దాంతో రెండు నెలల పాటు ఒక పని చేశాను. దీనికోసమే చిన్న త్రాసు ఒకటి పెట్టుకుని, వేసేముందు ఒకసారి, తీశాక ఒకసారి డైపర్ తూచి రాసుకున్నాను. ప్యాకెట్ మీద 2 లీటర్లకు పైగా పడుతుందని ఉంది. పక్క తడిసిన రాత్రుల్లో డైపర్‌లో ఉన్న తడి 400 నుంచి 550 గ్రాములే. చుక్క కూడా బయటికి రాని ఒక రాత్రి అదే రకం డైపర్ 900 గ్రాములు మోసింది. లీకైనవాటిని విప్పి తడిమి చూస్తే వెనక సగం పొడిగా ఉంది. పీల్చే చోటు అంత మిగిలి ఉండగానే మూత్రం తొడ సందులోంచి బయటికి పోయింది.

నేననేది ఇదీ. తయారుచేసేవాళ్లూ కొనేవాళ్లూ అందరూ ఎంత పడుతుందన్న ఒక్క అంకె చుట్టూ తిరుగుతున్నారు. లీకు పుట్టేది అక్కడ కాదు. గజ్జల దగ్గర అంచు ఒంటిని అంటిపెట్టుకుని ఉందా, మొదటి కొన్ని సెకన్ల ధారను లోపలికి లాక్కుందా, ఈ రెండూ ముందు చూడాలి. కాదనేవాళ్లు చెప్పండి. వినాలనే అడుగుతున్నాను.

రెండోజాము:
నేను కాదంటానండీ. మా అమ్మకి ఒక మెట్టు పైరకం వేశాక లీకులు ఆగిపోయాయి. అదే కంపెనీ, అదే సైజు, అదే కత్తిరింపు. లోపలి ప్యాడ్ మందం ఒక్కటే మారింది.

మీ తూకంలో ఒక చిక్కుంది. 900 గ్రాములు పట్టిన రాత్రి ఆయనకి కొద్దికొద్దిగా, గంటల తరబడి వచ్చి ఉండొచ్చు. 450 దగ్గర లీకైన రాత్రి మూడుసార్లూ ఒకే చోట పడి ఉండొచ్చు. ముందు భాగం నిండిపోయాక వెనక ఎంత పొడిగా ఉంటే ఏం లాభం? ఆ ముందు భాగంలోనే జెల్ రెట్టింపు ఉంటే ఆ తడి బయటికి వచ్చేదే కాదు. మీరు అమరిక అంటున్నది చాలాసార్లు, కావలసిన చోట పీల్చే సరుకు లేకపోవడమే.

పక్కమంచం:
ఒకేసారి వచ్చిందా, మూడు దఫాలుగానా అన్నది రాసుకోలేదు. రాసుకోవాల్సింది.

నాన్‌వోవెన్:
ఈ పొరల తయారీలో పన్నెండేళ్లు పనిచేశాను, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

పెద్దవాళ్లలో మూత్రం ధార సెకనుకు 15 నుంచి 25 మి.లీ. వరకు ఉండొచ్చు. లోపల జెల్‌గా మారే తెల్లపొడి సోడియం పాలీఅక్రిలేట్. అది ఉబ్బి తడిని బిగించి పట్టుకోవడానికి సెకన్లు చాలవు, నిమిషం అటూఇటూ పడుతుంది. 300 మి.లీ. ఇరవై సెకన్లలో వచ్చేసిందనుకోండి, పొడి సగం కూడా ఉబ్బకముందే ధార ఆగిపోతుంది. ఈలోగా ఆ నీరంతా ఎక్కడో నిలవాలి కదా. దానికోసమే పై గుడ్డకీ, పొడీ పల్పూ ఉండే లోపలి ప్యాడ్‌కీ (దాన్ని కోర్ అంటాం) మధ్య బోలుగా, తడిసినా అణగని పీచుతో ఒక పొర వేస్తారు. మేం ఏడీఎల్ అంటాం. అది నీటిని కాసేపు ఆపి, పొడవునా పంచి, నెమ్మదిగా కిందికి వదులుతుంది. ఈ పొర చిన్నదైనా, పక్కకి జరిగి అతుక్కున్నా, కింద ఎంత పొడి పోసినా ధార మొదట అంచుల వైపే పోతుంది.

ఇక జెల్ రెట్టింపు చేయడం సంగతి. పొడి పెంచి, దాంతో కలిసి ఉండే దూదిలాంటి పల్ప్ తగ్గిస్తే, ముందు తడిసిన రేణువులు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుని గోడ కడతాయి. నీరు ఆ గోడ దాటి అడుగున పొడిగా ఉన్న రేణువుల దాకా దిగదు. జెల్ బ్లాకింగ్ అంటారు దీన్ని. అది జరగకుండా రేణువు పైపొరను గట్టిపరుస్తారు. గట్టిపడిన రేణువు బరువు కింద కూడా నలగదు, నీటికి దారి ఇస్తుంది, కానీ మొత్తం మీద పట్టేది కాస్త తగ్గుతుంది. పట్టే అంకె పెంచుకోవాలంటే మెత్తటి జెల్ వేయాలి. లీకు ఆపాలంటే గట్టి జెల్ కావాలి. రెండూ ఒకే రేణువులో పూర్తిగా దొరకవు. అంకె కోసం మెత్తటిది ఎంచుకున్న సందర్భాలు నేను చూశాను, అప్పుడూ నచ్చలేదు.

ఈ పొడి స్వేదనజలంలో తన బరువుకి కొన్ని వందల రెట్లు పీలుస్తుంది. లవణాలున్న మూత్రంలో అది 30 నుంచి 50 రెట్లకు పడిపోతుంది. పైన మనిషి బరువు ఉంటే ఇంకా తక్కువ. గ్లాసులో నీళ్లు పోసి పొడి గడ్డకట్టడం చూపించే ప్రదర్శనలు చూసి ఎవరూ నిర్ణయించుకోవద్దు.

ఇక అంచుల విషయంలో పక్కమంచం గారితో ఏకీభవిస్తాను. 1946లో మేరియన్ డోనొవన్ షవర్ కర్టెన్ కత్తిరించి లంగోటీ మీద తొడుగు కుట్టిన నాటి నుంచీ పోరాటం అంచులతోనే. 1975లో కెన్నెత్ బ్యూయెల్ పేటెంట్‌తో కాళ్ల దగ్గర ఎలాస్టిక్ వచ్చింది. 1987లో రెండు పోటీ కంపెనీల వాళ్లు, లాసన్, ఎన్‌లో, కొన్ని వారాల తేడాతో లోపల నిలబడే రెండో అంచుకి పేటెంట్లు పొందారు. తొడ పక్కన చిన్న గోడలా లేచి నిలబడే ఆ పలచని గుడ్డకి నీరు అంటదు. ఇవాళ దాదాపు ప్రతి డైపర్‌లోనూ అది ఉంది.

చంటిపిల్లతల్లి:
ఆ నిలబడే గోడ గురించి ఒక మాట. మా పాపకి మొదటి నెలంతా బట్టలు పాడయ్యేవి, పెద్ద సైజు వేసినా అంతే. ఆ లోపలి అంచు మడతపడి కిందికి అణిగిపోతోందని ఒక పెద్దావిడ చూపించారు. డైపర్ అంటించాక తొడ చుట్టూ వేలు పోనిచ్చి ఆ గుడ్డని పైకి లేపితే చాలట. ఆ రోజు నుంచి పక్కల నుంచి కారడం తగ్గిపోయింది. పొడి పెరగలేదు, డైపర్ మారలేదు.

కానీ పలచటి విరేచనానికి ఇదీ చాలదు. అది వీపు వైపుకి ఎగబాకుతుంది. డైపర్లన్నీ మూత్రాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవేమో అనిపిస్తుంది.

నాన్‌వోవెన్:
మీరన్నది నిజమండీ. పలచటి విరేచనమైనా మూత్రం కన్నా చిక్కనే, అది పై గుడ్డ రంధ్రాల్లోంచి సరిగ్గా దిగదు, పైనే పరుచుకుంటుంది. దాన్ని ఆపగలిగేది అంచులూ, నడుము దగ్గర ఎలాస్టిక్కూ మాత్రమే. మా రంగంలో ఇది ఇంకా సరిగ్గా తేలని పని.

వార్డునర్సు:
మీరంతా లీకు ఆగడమే గెలుపు అనుకుని మాట్లాడుతున్నారు. ఇరవై ఏళ్లుగా చర్మాలు చూస్తున్నదాన్ని, నాకు భయమేస్తోంది. అంచు బిగించి, ఎక్కువ పీల్చేది వేసి, రాత్రంతా మార్చకుండా వదిలేస్తే పక్క పొడిగానే ఉంటుంది. లోపల మాత్రం చర్మం నానిపోతుంది. మూత్రంలోని యూరియా విడిపోయి అమోనియా అవుతుంది, చర్మం మీద ఆమ్లగుణం తగ్గుతుంది, దానికి మలం తోడైతే అందులోని ఎంజైములు చర్మాన్ని తినేస్తాయి. గజ్జల్లో ఎలాస్టిక్ గీతలు లోతుగా పడితే ఆ సైజు సరిపోలేదన్నమాట, ఎంత బాగా ఆపుతున్నా సరే.

ఇంట్లో చూసుకునేవాళ్లు చేసే పొరపాట్లు రెండు నేను రోజూ చూస్తాను. ఒకటి, డైపర్‌లో ఇంకో ప్యాడ్ పెట్టడం. అడుగున ప్లాస్టిక్ పొర ఉన్న ప్యాడ్ పెడితే దాంట్లోంచి నీరు కిందికి దిగదు, నిండగానే పక్కలకి పోతుంది. పైగా మందం పెరిగి కాళ్ల దగ్గర సందు తెరుచుకుంటుంది. పెట్టాలనుకుంటే అడుగున ప్లాస్టిక్ లేనిది, నీరు దాటనిచ్చేది పెట్టాలి. రెండు, వాజలైన్ లాంటి క్రీము దట్టంగా పూయడం. అది పై గుడ్డకి అంటుకుని రంధ్రాలు మూసేస్తుంది. పలచగా పూస్తే చర్మానికీ మంచిది, డైపర్‌కీ మంచిది.

పక్కమంచం గారూ, ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. డైపర్ వేసేటప్పుడు నాన్నగారి అంగం కిందికి ఉంటోందా, పైకి గానీ పక్కకి గానీ ఉంటోందా? పైకి ఉంటే ధార నేరుగా నడుము పట్టీ దగ్గరికి పోతుంది. సిగ్గుపడి ఎవరూ చెప్పరు, అందుకని మగవాళ్ల విషయంలో సగం లీకులకి కారణం తెలియకుండానే ఉండిపోతుంది.

రెండోజాము:
వార్డునర్సు గారూ, రాత్రి మూడుసార్లు లేచి మార్చడానికి ప్రతి ఇంట్లో మనిషి ఉండడండీ. నేను ఒక్కదాన్నే. అమ్మ నిద్ర చెడితే మర్నాడంతా తికమకపడుతుంది. ఎక్కువ పట్టే డైపర్ మాకు ఆరు గంటల నిద్ర ఇచ్చింది. ఆ అంకెని తేలిగ్గా తీసిపారేస్తుంటే బాధగా ఉంది.

అంకె వట్టిదని కూడా ఒప్పుకోను. 1996లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 11948లో మొదటి భాగం మొత్తం డైపర్‌ని ముంచి, కారాల్సింది కారాక తూచే పరీక్షే. వాడినవాళ్ల లీకుల లెక్కలతో పోల్చి చూసి, సరిపోయిందనే దాన్ని ప్రమాణం చేశారు.

నాన్‌వోవెన్:
పోల్చిన మాట వాస్తవం. ఆ పరీక్ష పనికిరాదని నేను అనలేదు. బాగా తక్కువ పట్టే వాటినీ బాగా ఎక్కువ పట్టే వాటినీ విడదీయడానికి అది చాలు. అయితే ముంచినప్పుడు వెనక భాగం, నడుము దగ్గరి మూలలు, అన్నీ తడుస్తాయి. ఒంటి మీద ఉన్నప్పుడు అవి తడవవు. అందుకే ప్యాకెట్ మీది అంకెలో కొంత భాగమే నిజంగా మనకి దక్కుతుంది. ఎంత భాగం దక్కుతుందన్నది ఆకారమూ ఏడీఎల్ నిర్ణయిస్తాయి. మీ అమ్మగారి విషయంలో మందం పెరిగితే లీకు ఆగిందంటే నమ్ముతాను, ఆ పైరకంలో ఏడీఎల్ కూడా పెద్దది వేసి ఉంటారని నా అనుమానం. తీసి పక్కపక్కన పెట్టి కత్తిరించి చూడండి. సాధారణంగా అది వేరే రంగులో, నీలంగానో ఆకుపచ్చగానో, విడిగా కనిపిస్తుంది.

కుర్చీలోంచి:
ఇప్పటిదాకా రాసినవాళ్లు వేసేవాళ్లూ తయారుచేసేవాళ్లూ. నేను తొడుక్కునేవాణ్ని. వెన్నెముక దెబ్బతిని తొమ్మిదేళ్లయింది, రోజంతా చక్రాల కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేస్తాను.

పీల్చేది పెంచమని అడిగేవాళ్లు ఒక్కసారి కాళ్ల మధ్య మందపాటి దిండు పెట్టుకుని ఎనిమిది గంటలు కూర్చోండి. తొడలు దగ్గరికి రావు, ప్యాడ్ మధ్యలో మడతపడి కాలువలా తయారవుతుంది, ఆ కాలువ చివర ఎటుంటే నీరు అటు. మందం పెంచితే అంచు పాడవుతుందన్నది నా ఒంటికి తెలిసిన సంగతి. కూర్చుంటే నా బరువంతా కోర్ మీదే ఉంటుంది, అప్పటికే పీల్చుకున్న తడి కొంత మళ్లీ పైకి వస్తుంది. నాకు పగలు పలచగా, ఒంటికి అంటుకునేది కావాలి. నాలుగు గంటలకోసారి మార్చుకుంటాను, ఫర్వాలేదు. మీటింగులో కదిలినప్పుడు చప్పుడు చేయకూడదు. లీకు భయంతో మధ్యాహ్నం నీళ్లు తాగడం మానేసిన రోజులున్నాయి, దానివల్ల ఇన్ఫెక్షన్ తెచ్చుకున్నాను. ఒక డిజైన్ మంచిదా కాదా అన్నది నేను నీళ్లు ధైర్యంగా తాగగలిగానా లేదా అన్నదాన్ని బట్టి చెప్తాను.

రాత్రికి మాత్రం రెండోజాము గారితోనే ఉన్నాను. పడుకున్నప్పుడు మందం నన్ను ఇబ్బంది పెట్టదు.

వార్డునర్సు:
కుర్చీలోంచి గారు రాసింది మా వార్డులో అందరికీ చదివి వినిపిస్తాను. 2008లో ఇంగ్లండ్‌లో వచ్చిన పెద్ద పోలిక అధ్యయనంలోనూ అదే తేలింది. ఆడవాళ్లకీ మగవాళ్లకీ, పగటికీ రాత్రికీ ఒకే రకం సరిపోదని, కలిపి వాడుకోవడం మేలని. కానీ సరుకు తెప్పించేటప్పుడు ఒకే రకం పెట్టెల కొద్దీ తెప్పిస్తారు.

పక్కమంచం:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. వార్డునర్సు గారు అడిగింది నిజమే, నేను ఎప్పుడూ చూసుకోలేదు. ఇప్పుడు కిందికి ఉంచి వేస్తున్నాను, లోపలి అంచు వేలితో లేపుతున్నాను, క్రీము తగ్గించాను. డైపర్ పాతదే. పది రాత్రుల్లో ఒక్కసారి లీకైంది. ఆయన ఎడమవైపు ఒత్తిగిలి పడుకున్నారు, అంచు తొడ కింద నలిగి ఉంది. తడి 380 గ్రాములు.

నాన్‌వోవెన్:
పక్కకి తిరిగితే ధార కోర్ మధ్యలో పడదండీ, నేరుగా కింది వైపు తొడ అంచు మీద పడుతుంది. అక్కడ ఏడీఎల్ ఉండదు. కోర్ గజ్జల దగ్గర ఇరుకుగా, గంటగడియారం ఆకారంలో ఉంటుంది కాబట్టి పీల్చేది కూడా తక్కువే. పక్కకి తిరిగి పడుకునేవాళ్ల కోసం విడిగా కోర్ గీయాలని నేను పనిచేసినన్నాళ్లూ అడుగుతూ వచ్చాను.

రెండోజాము:
ఆ 380 ఒకేసారి వచ్చిందా, దఫాలుగానా? ఈసారి రాసుకున్నారా?

పక్కమంచం:
రాసుకున్నాను. ఒకేసారి. 2 గంటల 40 నిమిషాలకి నాన్నగారే పిలిచి చెప్పారు.