లేపాక్షి చిత్రాల్లోని కబాయిని, కుళ్ళాయిని ఇంట్లో కుట్టుకోవడం ఎలా?

ప్రశ్న: సూదీదారం, అనంతపురం

అందరికీ నమస్కారం. పాతకాలపు దుస్తులను పరిశీలించి, వాటి కత్తిరింపును అర్థం చేసుకొని, ఇప్పటివారు తొడుక్కునేలా మళ్ళీ కుట్టడం నాకు ఎంతో ఇష్టమైన వ్యాపకం. ఇంతవరకు బుట్ట చేతుల రవికలు, ముడి రవికలు, పిల్లల పట్టు పావడాలు కుట్టాను. ఇప్పుడు లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో రాజోద్యోగులు తొడుక్కున్న కబాయి అనే పొడవాటి అంగీని, తలపై పెట్టుకున్న కుళ్ళాయి అనే ఎత్తైన టోపీని మా తమ్ముడి కొలతలకు కుట్టాలని సంకల్పించాను. అతని చాతీ 38 అంగుళాలు, తల చుట్టుకొలత 22 అంగుళాలు.

నా దగ్గర షేర్వాణీ పేపర్ కటింగ్ ఒకటి ఉంది. దాన్నే కొంచెం వదులు చేసి వాడుకోవచ్చునా? బట్టల దుకాణంలో మెరిసే పాలిస్టర్ బ్రోకేడ్ చూపించారు గానీ, అది చిత్రంలోని గుడ్డలా ఒంటి మీద జారుతుందని నాకు నమ్మకం కలగలేదు. మొత్తం చేతితోనే కుట్టాలా, మిషన్ వాడితే తప్పవుతుందా అన్నది కూడా చెప్పగలరు.

జవాబు: పాత దర్జీ, ధర్మవరం

అమ్మా, షేర్వాణీ నమూనాను పక్కన పెట్టండి. షేర్వాణీ 19వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న దుస్తు. దాని భుజం వాలుగా ఉంటుంది, చంక గుండ్రంగా తిరుగుతుంది, డాట్లు (గుడ్డను లోపలికి మడిచి వేసే కోణపు కుట్లు) వేసి ఛాతీకీ నడుముకూ అతికినట్టు తెస్తారు. అంత పని చేసిన నమూనాను ఎంత వదులు చేసినా కోటులాగే నిలబడుతుంది తప్ప కబాయి కాదు. చిత్రాల్లో కుట్ల గీతలు కనిపించవు కాబట్టి, మన దేశపు పాత కుర్తాల్లోనూ అంగరఖాల్లోనూ నిలిచి ఉన్న కత్తిరింపును ఆధారం చేసుకోవడమే సరైన దారి. నూలు చేత్తో వడికి, చేత్తో నేసిన కాలంలో గుడ్డ ముక్క ఒక్కటి కూడా పారేయదగింది కాదు. అందుకే ఆ కత్తిరింపులో దాదాపు అన్నీ నిలువు గీతలే, దీర్ఘచతురస్రాలే.

మీ తమ్ముడి కొలతకు లెక్క చెబుతాను. 38 అంగుళాల చాతీకి 6 అంగుళాల వదులు కలిపితే 44 అవుతుంది. వీపు 18, ముందు భాగం 18 అంగుళాల వెడల్పు ఉంచితే ఒక్కో పక్కన 4 అంగుళాలు తక్కువ పడతాయి. ఆ లోటును కళీలు, అంటే పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే పక్క ముక్కలు, పూరిస్తాయి. వీపునూ ముందు భాగాన్నీ విడివిడిగా కత్తిరించకుండా ఒకే నిలువు గుడ్డను భుజాల మీద మడవండి. అప్పుడు భుజం దగ్గర కుట్టే ఉండదు. ముందు భాగాన్ని మెడ నుంచి కింది అంచు దాకా నిలువుగా చీల్చి, పైకి వచ్చే పక్కకు 6 అంగుళాల పట్టీ కలిపితే ఒకదానిపై ఒకటి కప్పుకునే వీలు వస్తుంది.

కళీల కత్తిరింపు ఈ పని మొత్తంలో నాకు అత్యంత ప్రియమైన భాగం. కుట్టులోకి పోయే అర అంగుళం చొప్పున కలుపుకొని 14 అంగుళాల వెడల్పు గల దీర్ఘచతురస్రాన్ని తీసుకోండి. పై అంచున ఎడమ నుంచి 3 అంగుళాల దగ్గర, కింది అంచున కుడి నుంచి 3 అంగుళాల దగ్గర గుర్తు పెట్టి, ఆ రెంటినీ కలిపే ఏటవాలు గీత మీద కోస్తే రెండు సమానమైన కళీలు వస్తాయి. రెండో దాన్ని తలకిందులుగా తిప్పితే సరిపోతుంది, పీలిక కూడా వృథా కాదు. అలాంటి ముక్కలు రెండు కోస్తే నాలుగు కళీలు, పక్కకు రెండు చొప్పున. ఏటవాలు అంచు సాగుతుంది కనుక దాన్ని ఎప్పుడూ నిలువు అంచుతోనే జత చేయాలి. కింది అంచు మడిచే ముందు కబాయిని ఒక రాత్రంతా తగిలించి ఉంచితే సాగవలసినంత సాగిపోతుంది, ఆ తర్వాత అంచు సమం చేసుకోవచ్చు.

చంకలో 4 అంగుళాల చదరపు ముక్క తప్పనిసరి. అది లేకుండా చేయి పైకెత్తితే కబాయి మొత్తం పైకి లేస్తుంది. చేతులు భుజం దగ్గర 16 అంగుళాలు, మణికట్టు దగ్గర 9 అంగుళాలు చాలు. నిలువు 45 అంగుళాలు అనుకుంటే 44 అంగుళాల పన్నా (అడ్డం వెడల్పు) గల గుడ్డ మూడున్నర మీటర్లు తెచ్చుకోండి. కత్తిరించే ముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టడం మరువకండి, చేనేత నూలు మొదటి తడికి కుదించుకుంటుంది.

జవాబు: శిల్పం చూసేవాడు, కర్నూలు

పెద్దాయన కత్తిరింపు గురించి చెప్పినదానికి నేను చేర్చవలసింది లేదు. ఆధారాల గురించి మాత్రం కొంత రాస్తాను, ఎందుకంటే గుడ్డ ఎంపిక వాటి మీదే ఆధారపడి ఉంది.

లేపాక్షి చిత్రాలు విజయనగర రాజు అచ్యుతరాయల కాలానికి, అంటే 1529–1542 మధ్యకు చెందినవి. ఆలయాన్ని కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పరివారంతో నిలిచిన చిత్రం అక్కడే ఉంది. కానీ ఈ వేషం అప్పుడు కొత్తగా వచ్చింది కాదు. అంతకు నూరేళ్ళ ముందు కన్నడ రాజ్యానికి వెళ్ళిన శ్రీనాథుడు కుళ్ళాయి పెట్టుకున్నాననీ, కోక చుట్టాననీ, పెద్ద కూర్పాసం (అంగీ) తొడిగాననీ చాటువులో వాపోయాడు. కొలువుకు వెళ్ళాలంటే ఆ వేషం వేయక తప్పలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ కృష్ణదేవరాయలు బంగారు గులాబీలు కుట్టిన తెల్లని వస్త్రాలు ధరించాడనీ, తలపై జరీ టోపీ పెట్టుకున్నాడనీ, కాళ్ళకు చెప్పులు లేవనీ రాశాడు.

దుకాణంలో చూపించిన పాలిస్టర్ బ్రోకేడ్ మీకు నచ్చకపోవడం న్యాయమే. మెరుపు టోపీకి తగినది, కబాయికి సన్నని తెల్లని నూలు తగినది. పైగా అనంతపురం ఎండల్లో పాలిస్టర్ కబాయిని గంటసేపు భరించడం ఎవరికైనా కష్టమే. ఎమ్మిగనూరు చేనేత నూలు గుడ్డ దొరికితే అంతకంటే మంచిది లేదు. అక్కడ మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం పేరు మన జిల్లాలో తెలియనివారు లేరు.

కుళ్ళాయి ఎత్తును చిత్రం చూసి మాత్రమే నిర్ణయించకండి. తిరుమలలో ఇద్దరు దేవేరులతో నిలిచిన కృష్ణదేవరాయల రాగి విగ్రహాన్ని పక్క నుంచి చూస్తే ఆ ఎత్తూ, కొన దగ్గరి వంపూ బాగా అర్థమవుతాయి. ఆ విగ్రహానికి పై వస్త్రం లేదు, కుళ్ళాయి మాత్రం ఉంది.

కుట్టు విషయంలో నా అభిప్రాయం స్పష్టం. సింగర్ తన మిషన్‌కు పేటెంట్ పొందింది 1851లో. అచ్యుతరాయల కాలపు దుస్తుకు మిషన్ కుట్టు వేయడం నాకు సమ్మతం కాదు.

జవాబు: నీలిమందు, కడప

నడికట్టు గురించి ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను. తెల్ల కబాయి మీద రంగు నడికట్టు అందంగా ఉంటుంది, కానీ ఆ రంగు ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం. రసాయన రంగుల చరిత్ర 1856లో లండన్‌లో పెర్కిన్ ఊదారంగును కనుగొనడంతో మొదలైంది. అందువల్ల కళ్ళు చెదిరే గులాబీ, ఊదా రంగులు ఈ వేషానికి నప్పవు. చిరివేరు అనే మొక్క వేరుతో ఎరుపు, నీలిమందుతో నీలం మన నేలకు చెందిన రంగులు. మా కడప జిల్లా నీలిమందు ఒకప్పుడు విదేశీ వర్తకంలో పేరున్న సరుకు.

ఇంట్లో అద్దదలిస్తే నీలిమందుతో మొదలుపెట్టండి, దానికి రంగు పట్టి ఉంచే పటిక అవసరం లేదు. తొట్టిలో పులిసిన నీలిలో ముంచి తీసిన గుడ్డ మొదట పసుపుపచ్చగా ఉండి, గాలి తగిలే కొద్దీ కళ్ళముందే నీలమవుతుంది. ముదురు రంగు కావాలంటే ఎక్కువసేపు నానబెట్టడం కన్నా మళ్ళీ మళ్ళీ ముంచి గాలికి ఆరబెట్టడమే మంచిది. చిరివేరు ఎరుపు నిలవాలంటే మాత్రం గుడ్డకు ముందే పటిక పట్టించాలి.

సూదీదారం, అనంతపురం

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. షేర్వాణీ కాగితాన్ని మడిచి లోపల పెట్టేశాను. మొదట మంజరపాటు అనే చవక ముతక నూలు గుడ్డతో నమూనా కుట్టి, తమ్ముడికి తొడిగి చూసి, ఆ తర్వాతే మంచి గుడ్డ ముట్టుకుంటాను. కుళ్ళాయికి మా అమ్మమ్మ చిరిగిన ధర్మవరం పట్టుచీర కొంగు వాడవచ్చునా? అది నిటారుగా నిలబడేందుకు లోపల ఏమి వేయాలి? కబాయిని బిగించే నాడాల కొలత కూడా తెలియజేయగలరు.

జవాబు: పాత దర్జీ, ధర్మవరం

తప్పకుండా వాడవచ్చు, తల్లీ. మడతల దగ్గర జీవం పోయిన పట్టు సూది పడగానే చీలుతుంది కనుక, గట్టిగా ఉన్న భాగాన్ని వెలుతురుకు ఎత్తి చూసి ఎంచుకోండి. వెనుక సన్నని నూలు గుడ్డ పరిచి కచ్చా కుట్టుతో రెంటినీ కలిపిన తర్వాతే కత్తిరించండి. 22 అంగుళాల తలకు నాలుగు ముక్కలు కావాలి. ఒక్కొక్కటి అడుగున కుట్టుతో కలిపి ఆరున్నర అంగుళాలు, ఎత్తు 10 అంగుళాలు. అంచులను తిన్నగా కోస్తే టోపీ గరాటులా వస్తుంది కాబట్టి సగం ఎత్తు వరకు కొద్దిగా బయటికి ఉబ్బేలా గీసి, కొన దగ్గర గుండ్రంగా ముగించండి. లోపల దర్జీలు కాలరుకు వేసే బక్రం వేయవచ్చు. నాకైతే నూలు గుడ్డను మూడు పొరలుగా చిక్కని గంజితో అతికించి, తలంత బోర్లించిన చెంబు మీద ఆరబెట్టడం ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అది తల ఆకారానికి ఒదుగుతుంది. చెమట పట్టుకు తగలకుండా లోపలి అంచు చుట్టూ మెత్తని నూలు పట్టీ వేయండి.

మిషన్ విషయంలో కర్నూలు వారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. కళీల పొడవాటి లోపలి కుట్లను మిషన్ మీద వేసి, పైకి కనిపించే మెడ, చేతుల అంచులు, కింది అంచు, నాడాలు చేతితో హెమ్మింగ్ చేస్తే చూసేవారికి ఏ లోపమూ కనిపించదు, పని కూడా సగంలో ఆగిపోదు. మొత్తం చేతితో కుట్టే ఓపిక మీకుంటే అంతకంటే సంతోషం లేదు.

నాడాలకు అదే గుడ్డ నుంచి ఒకటింపావు అంగుళం వెడల్పు, 10 అంగుళాల పొడవు గల పట్టీలు నిలువు పోగు మీద కోసి, నాలుగు మడతలు చేసి కుట్టండి. లోపల ఒక జత, పైన ఒక జత ఉండాలి. లోపలి జత కట్టకపోతే కింది పొర నడిచేటప్పుడు జారి బయటికి వేలాడుతుంది. మంజరపాటు నమూనా తొడిగినప్పుడు తమ్ముణ్ణి ఒకసారి పద్మాసనం వేయమనండి. మోకాళ్ళ దగ్గర బిగిస్తే కళీల అడుగు వెడల్పు ఇంకో అంగుళం పెంచాలి.