మెటిల్3 తీసేసినా ఎం6ఎ పోవట్లేదు, ఎవరికైనా ఇలా అయ్యిందా?

పద్మ_పిప్పెట్
ఎంఆర్ఎన్ఏ మీద ఎం6ఎ అనే మిథైల్ గుర్తు పెట్టే ఎంజైమ్ మెటిల్3. ఎలుక ఈఎస్ (పిండ మూల) కణాల్లో, జీన్లను కత్తిరించే క్రిస్పర్‌తో దాని జీన్‌ను రెండో ఎక్సాన్ (ఎంఆర్ఎన్ఏలో మిగిలే ముక్క) దగ్గర కొట్టాను. ఫ్రేమ్‌షిఫ్ట్ వచ్చింది, అంటే జీన్ చదివే వరస చెదిరింది. వెస్టర్న్‌లో (ప్రోటీన్ ఉందో లేదో చూసే పరీక్ష) మెటిల్3 మామూలు బ్యాండ్ మాయం. తీరా మాస్ స్పెక్‌లో కొలిచి చూస్తే ఎం6ఎ దాదాపు సగం అలాగే ఉంది! వేరే ఎంజైమ్ ఏదో దొరికిందని మా గైడ్ సంబరపడుతున్నారు. నాకేమో టెన్షన్.

రైబో_రాజు
సంబరం తర్వాత, ముందు ఆర్ఎన్ఏ సంగతి చెప్పండి. పాలీ-ఏ తోక పట్టి ఎంఆర్ఎన్ఏను వేరుచేయడం ఒక్కసారే చేశారా? రైబోజోమ్ ఆర్ఎన్ఏలైన 18ఎస్‌లో ఒకటి, 28ఎస్‌లో ఒకటి ఎం6ఎ ఉంటాయి. వాటిని పెట్టేది మెటిల్5, జెడ్‌సీసీహెచ్‌సీ4 అనే వేరే ఎంజైమ్‌లు. మెటిల్3తో పని లేదు. రైబోజోమ్ ఆర్ఎన్ఏ కాస్త మిగిలినా లెక్క తప్పుతుంది. ఆ తప్పుతో నాకు ఒక సెమిస్టర్ పోయింది.

పద్మ_పిప్పెట్
రెండుసార్లు పట్టి, పైన రైబో డిప్లీషన్ (రైబోజోమ్ ఆర్ఎన్ఏ తీసేయడం) కూడా చేశానండి. 18ఎస్ పీక్ కనిపించలేదు.

ఎమ్మెస్సీ_కుర్రాడు
అన్నా, ఈ ఎం6ఎ వల్ల కణానికి ఏం ఒరుగుతుంది?

రైబో_రాజు
పని అయ్యాక చించేయాల్సిన చీటీ మీద పెట్టే టిక్కు అనుకో. వైటీహెచ్‌డీఎఫ్2 లాంటి ప్రోటీన్లు ఆ టిక్కు చూసి ఎంఆర్ఎన్ఏను ముక్కలు చేయిస్తాయి. అన్ని టిక్కులూ ఇందుకే కాదులే.

లిఫ్_లక్ష్మి
పద్మా, కణాలు హాయిగా పెరుగుతున్నాయి కదా? దాన్ని బట్టి ఏమీ తేల్చకు. నైవ్ దశలో (పిండం గర్భాశయానికి అంటుకోకముందు స్థితి) మెటిల్3 పూర్తిగా పోయినా అవి బతుకుతాయి. 2015లో ఇజ్రాయెల్ వాళ్లు చూపించారు: మూలకణ స్థితిని నిలిపే నానాగ్ జీన్ ఎంఆర్ఎన్ఏ టైముకి చెరిగిపోదు, కణం ఆ దశ వదలదు. ఎలుక పిండమైతే గర్భాశయానికి అంటుకున్న కొద్ది రోజులకే ఆగిపోతుంది. అదే ప్రైమ్డ్ (అంటుకున్న తర్వాతి దశ) కణాల్లో తీస్తే అవి నిలవవు. మెటిల్3 తీస్తే ఈఎస్ కణాలు ఏమవుతాయని అంతకుముందు పేపర్ల మధ్య వచ్చిన గొడవలో సగం ఈ దశల తేడాయే అని నా అనుమానం.

నీ అసలు చిక్కు వేరే అనుకుంటా. కణం నీ కట్ ఉన్న ఎక్సాన్‌ను దాటేసి, మిగతా ముక్కలను అతికించి (స్ప్లైస్ చేసి), పొట్టి మెటిల్3ని తయారుచేసుకుంటోందేమో. పాత నాకౌట్ (జీన్ తీసేసిన) లైన్లలో కొన్నిటికి ఇదే జరిగిందని 2022లో తేలింది. మిథైల్ పెట్టే భాగం ప్రోటీన్ చివరి సగంలో ఉంది, మొదట్లో కొడితే అది మిగిలిపోవచ్చు. వెస్టర్న్‌లో పొట్టి ప్రోటీన్లు కనిపించే కిందివైపు చూశావా?

పద్మ_పిప్పెట్
అయ్యో అక్కా, కింద సన్నగా ఒకటుంది. నాన్-స్పెసిఫిక్ అనుకుని బొమ్మలో కత్తిరించేశాను.

లిఫ్_లక్ష్మి
కత్తిరించకూడదమ్మా! ఎస్టీఎం2457 వేసి మళ్లీ కొలువు. అది మెటిల్3ని ఆపే మందు. మిగిలిన ఎం6ఎ కూడా పడిపోతే దొంగ దొరికినట్టే.

పద్మ_పిప్పెట్
మూడు వారాల తర్వాత వచ్చాను. మందు వేస్తే మిగిలిన సగమూ పడిపోయింది. ఆర్‌టీ-పీసీఆర్‌లో (ఆర్ఎన్ఏను చూసే పరీక్ష) పొట్టి బ్యాండ్ కూడా కనబడింది. ఈసారి చివరి సగంలో కొట్టడానికి గైడ్‌లు (క్రిస్పర్‌కు చోటు చూపే ఆర్ఎన్ఏలు) ఆర్డర్ పెట్టాను. ఆ గైడ్‌లు సరే, మా గైడ్‌కి ఎలా చెప్పాలో మాత్రం ఇంకా తేలలేదు.