టేజే యాత్ర వల్ల మా సంఘ ఆరాధనకు మేలు కలుగుతుందా?

పల్నాటి కాపరి:

అందరికీ ప్రభువు నామమున వందనాలు. పల్నాడు ప్రాంతంలోని ఒక లూథరన్ సంఘంలో నేను పద్దెనిమిదేళ్లుగా కాపరిగా ఉన్నాను. వచ్చే వేసవిలో మూడు వారాల సెలవు దొరికింది. జెరూసలేం వెళ్లి రమ్మని పెద్దలు అంటున్నారు గాని, నా మనసు ఫ్రాన్సులోని టేజే అనే పల్లె మీద, అక్కడ చిన్న పాటలతో, మౌనంతో ప్రార్థించే సహోదరుల మఠం మీద ఉంది. మా ఆరాధనలోకి కీబోర్డు, ప్యాడ్లు, నాలుగు మైకులు వచ్చాక ఒక్క నిమిషం మౌనం కూడా మిగలలేదు. పాపపు ఒప్పుకోలు తరువాత నేను కాస్త ఆగితే, మైకు పాడైందేమోనని ఎవరో ఒకరు వెనక్కి తిరిగి చూస్తారు. ప్రార్థన అంటే మాట్లాడడమేనన్నట్టు నేనూ అలవాటుపడిపోయాను. అది కాథలిక్ మఠమేనా? అక్కడ నేర్చుకున్నది తెలుగు సంఘంలో నిలుస్తుందా?

జర్మనీలో తెలుగువాణ్ణి:

అయ్యగారికి వందనాలు. నేను అక్కడ ఒక వారం ఉన్నాను. స్విట్జర్లాండుకు చెందిన రోజర్ అనే యువకుడు 1940లో, తన ఇరవై అయిదో ఏట, బర్గండీ ప్రాంతంలోని ఆ పల్లెకు వచ్చి, యుద్ధకాలంలో యూదులతో సహా ఎందరో శరణార్థులకు ఆశ్రయమిచ్చారు. ఆయన ప్రొటెస్టంటు కాపరి కుమారుడు. ఆయన అక్కడ మొదలుపెట్టిన మఠంలో 1949లో జీవితాంతపు ప్రమాణం చేసిన తొలి సహోదరులు కూడా ప్రొటెస్టంట్లే. కాథలిక్కులు ఆ తరువాత చేరారు. 2005 ఆగస్టు 16న సాయంకాల ప్రార్థనలోనే రోజర్ హత్యకు గురైనా, ఆ ప్రార్థన నేటికీ రోజుకు మూడు పూటలా సాగుతూనే ఉంది.

గంటలు మోగగానే అందరూ పని ఆపి వస్తారు. ఆలయంలో దాదాపు అందరూ నేలమీదే కూర్చుంటారు కనుక, చాపల మీద పెరిగిన మనకు అది కొత్త కాదు. ఒకే చిన్న పాటను మళ్లీ మళ్లీ పాడతారు, వాక్యం చదువుతారు, ఆపైన ఎనిమిది పది నిమిషాలు పూర్తిగా మౌనం. ఆ ప్రార్థనల్లో ప్రసంగం ఉండదు. బైబిలు బోధ వేరే వేళలో జరుగుతుంది. శుక్రవారం రాత్రి నేలమీద పరచిన సిలువకు నుదురు ఆనించి ప్రార్థిస్తారు, దీనికి మీ పెద్దలు ఏమంటారో మీకే తెలియాలి. అతిథులందరూ పని పంచుకోవాలి. నాకు గిన్నెలు కడిగే వంతు వచ్చింది, భోజనానికి మాత్రం ఒక్క చెంచాయే ఇచ్చారు. ముందుగా రాసి చోటు ఖాయం చేసుకోండి.

కోనసీమ పాస్టరు:

అయ్యగారూ, నా పొరపాటు చెబుతాను, మీకు పనికొస్తుంది. నేను టేజే పాటలు కొన్నింటిని తెలుగు చేసి పాడించాను, మూడో వారానికే అవి చప్పబడ్డాయి. జాక్ బెర్తియే వంటి స్వరకర్తలు వాటిని అనేక గొంతులు కలిసి పాడేలా కూర్చారు. ఒకే గొంతుతో పాడే మన సంఘంలో అవి ఎక్కాల వల్లింపులా వినిపించాయి. అప్పుడు పాటలు విడిచిపెట్టి పద్ధతిని మాత్రం తీసుకున్నాను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో అందరికీ నోటికి వచ్చిన ఒక పల్లవి, బుధవారం రాత్రి, మైకు లేకుండా, మెల్లగా పదిసార్లు, తరువాత బైబిలులోని 62వ కీర్తన, తరువాత మౌనం. చరణాలు విడిచి పల్లవినే పట్టుకోవడం భజనలు విన్న మనవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. "ఇప్పుడు రెండు నిమిషాలు ఊరకుందాం" అని ముందే చెప్పాను, ఎందుకంటే ఎంతసేపో తెలియని మౌనం జనానికి భయం పుట్టిస్తుంది.

డోర్నకల్ ఆడపడుచు:

అంత ఖర్చు పెట్టి ఫ్రాన్సు దాకా వెళ్లడం అవసరమా అని నా సందేహం. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడైన అజరయ్యగారు కట్టించిన, 1939లో ప్రతిష్ఠ జరిగిన దేవాలయం డోర్నకల్‌లో ఉంది. మన ఆరాధన మన మట్టిలోంచే రావాలని నమ్మిన వ్యక్తి కట్టించిన కట్టడం అది. తమిళనాడులోని తిరుపత్తూరులో 1921లో భారతీయ పద్ధతిలో మొదలైన క్రీస్తుకుల ఆశ్రమం సంగతి కూడా విచారించండి. పని దినాన, ఎవరూ లేనప్పుడు, డోర్నకల్ ఆలయంలో ఒక గంట కూర్చుని చూడండి. అప్పటికీ టేజే వెళ్లాలనిపిస్తే వెళ్లండి.

పల్నాటి కాపరి:

సహోదరికి, సహోదరులకు కృతజ్ఞతలు. ముందు డోర్నకల్ వెళతాను, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు బుధవారాల్లో కోనసీమ అయ్యగారి పద్ధతి మొదలుపెడతాను, టేజేకు కూడా ఉత్తరం రాస్తాను. ఒక్క సందేహం: మౌనంగా ఉన్నప్పుడు పసిపిల్లలు ఏడిస్తే మీరేం చేశారు?

కోనసీమ పాస్టరు:

ఏడవనివ్వండి అయ్యగారూ. బయటికి తీసుకెళ్లమని నేను మొదట్లో చెప్పాను. రెండు వారాలు తల్లులు రావడమే మానేశారు.